నిలువు కొలత

పారిష్ కౌన్సిల్ వాళ్లకి ఫోటోలు కావాలట.
ఊళ్లో వందేళ్లు దాటిన ప్రతి కట్టడానిదీ ఒకటి,
ఎత్తు తెలియడానికి పక్కన ఒక మనిషితో.
కెమెరా ఉన్నది నాకు,
తీరిక ఉన్నది ఆర్నాల్డ్ టిజార్డ్‌కి.

"రాసుకో, ఆరడుగులు," అన్నాడు మొదటిరోజే,
టోపీ తీసి చంకలో పెట్టుకుని,
కొలతలో టోపీ కలవకూడదని.

రాసుకున్నాను.
మొన్న ఫిబ్రవరిలో సర్జరీలో బూట్లు విప్పించి,
మడమలు గోడకి ఆనించి, నెత్తిమీదికి పలక దించి
అయిదడుగుల తొమ్మిదిన్నర అంగుళాలని
కంప్యూటర్లో ఎక్కించింది నేనే.
నర్సు గదిలో మాట నర్సు గది దాటకూడదు.
కాబట్టి ఆరడుగులు.

నెదర్ వింకమ్‌లో వెలుతురు పిలిస్తే రాదు.
చర్చి ఉత్తరపు గోడ దగ్గర నలభై నిమిషాలు నిలబడ్డాం
ఒక్క మబ్బు పక్కకి తప్పుకోవడానికి.
గంటకి నాలుక లేదు, మరమ్మతుకి పంపారు.
"పదకొండు," అన్నాడతను గంటకి బదులు,
గోడని ఆనుకుని, కదలకుండా.

ప్రతి పాతకాలపు గుమ్మం ముందూ ఒక చెత్తడబ్బా.
జరిపాం, తీశాం, మళ్లీ జరిపాం.

మైలురాయి మీద ఊరి పేరు లేదు,
యుద్ధంలో చెక్కేశారట, శత్రువు దిగితే దారి తెలియకూడదని.
"శత్రువు రానేలేదు.
డెలివరీ వ్యాన్లే ఇప్పటికీ తప్పిపోతున్నాయి."

ఎర్ర ఫోన్‌బూత్‌లో ఫోన్ లేదు.
ఆగిన గుండెని కొట్టి లేపే యంత్రం పెట్టారు.
"ఇక్కణ్ణించే ఐరిస్‌కి ఫోన్ చేసేవాణ్ణి," అన్నాడు,
"అప్పుడూ దీని పని ఇదే."

మిల్లు సందు చివర నాలుగు గోడల చదరం,
కప్పు లేదు, లోపల మోకాలెత్తు దురదగొండి.
"ఇదేమిటో నీకు తెలీదులే," అని మొదలుపెట్టాడు,
"ఒకరి చేలో పడ్డ ఇంకొకరి ఆవుని..."
"బందెలదొడ్డి," అన్నాను.
ఈ దేశంలో ఇరవై రెండేళ్లుగా
ఒక్కసారీ అవసరపడని మాట,
పశువుకి మల్లే గేటు తోసుకుని వచ్చేసింది.
మళ్లీ అనమన్నాడు. "బండె..." దగ్గర ఆగిపోయాడు.
మా పెద్దమ్మ గేదె రెండుసార్లు జైలుకెళ్లి వచ్చిందన్నాను.
నవ్వలేక గోడ పట్టుకున్నాడు.
ఆ ఫోటో అలికినట్టొచ్చింది. తీసెయ్యలేదు.

తర్వాత మిల్లు.
తలుపు పక్క ఓక్ దుంగ మీద
బస్తాలు మోసే కుర్రాళ్లు కత్తితో గీసుకున్న ఎత్తులు.
అన్నిటికంటే పైన: ఎ.టి., 1961.
చెప్పకుండానే వెళ్లి దానికి వీపు ఆనించి నిలబడ్డాడు,
గడ్డం పైకెత్తి, సైనికుడిలా.
గీతకీ నెరిసిన జుట్టుకీ మధ్య
నా నాలుగు వేళ్లు పట్టే చెక్క.

చేత్తో వెనక్కి తడుముకుని చూసుకున్నాడు.
"చెక్క పెరిగిందేమో," అన్నాడు.
"తడి దేశం కదా," అన్నాను.
టోపీ పెట్టేసుకున్నాడు.

రాత్రి లెక్కలు చూసుకుంటే
చర్చి గోపురం రెండడుగులు పెరిగింది.
మిల్లు, బడి, బందెలదొడ్డి గోడ,
అన్నీ తలా కాస్త వయసులో ఉన్నాయి.

మా వైపు బావి లోతు నిలువుల్లో చెప్పేవాళ్లు.
ఎవరి నిలువని ఎవరూ అడగలేదు,
దిగినవాడిది.
నా నోట్‌బుక్‌లో తెలుగులో అలాగే రాసుకున్నాను:
గోపురం, పది నిలువులు.
మిల్లు తలుపు, నిలువున్నర.
దొడ్డి గోడ, నవ్వే మనిషి చెయ్యి అందే ఎత్తు.
కౌన్సిల్‌కి అడుగులే కావాలంటే అడుగులే ఇస్తాను,
నిలువుకి ఆరు చొప్పున.

వచ్చే శనివారం వంతెన.
వాగులో దిగి నిలబడాలి.
వేరే బూట్లు తెచ్చుకుంటానన్నాడు,
మడమ కాస్త ఎత్తున్నవి.