మేకులు కొట్టరాదు

వనపర్తి కోర్టు గేటు కాడ
నీలి టార్పాలిన్ కింద నా మేజ.
ముప్పై ఒక్క ఏండ్లు.
కిరాయినామాలు, పంపకాల పత్రాలు, అప్పు కాగితాలు.
ఎవరి మాట వాళ్ళదే, రాత మాత్రం నాది.

పొద్దుగాల్నే ఒకాయన వచ్చిండు, తెల్లంగి, మెడల కంపెనీ బిళ్ళ.
"ఫిర్యాదు రాయాలె. మంచి తెలుగుల.
దొంగతనం అని రావాలె."
ఐదువందల నోటు సిరాడబ్బీ కింద పెట్టిండు
గాలికి ఎగరకుండ.

ఎవడు దొంగ?
పానగల్ కురుమూర్తి.
రాజావారి బంగ్లల నడిచే పాలిటెక్నిక్‌ల చదివినోడు,
తాతల కాడికెళ్ళి పల్లికాయ ఏసేటోళ్ళ పిల్లగాడు.

ఏం ఎత్కపోయిండు?
ధర.
గద్వాలల ఎంత, బాదేపల్లిల ఎంత, అచ్చంపేటల ఎంత.
కంపెనీ సైటుల అందరికీ కనబడేదే.
వాడొక చిన్న ప్రోగ్రాము రాసిండట,
అది కోడి కూయకముందే పోయి అంకెలు ఏరుకొస్తదట,
వాళ్ళమ్మ చిట్టెమ్మ సుద్దముక్కతోని
తూకం షెడ్డు గోడ మీద రాస్తదట.
ఆ గోడ చూసి రైతులు బండ్లు మలుపుతున్నరట.

"ఇగో" అని నలభై ఒక్క పేజీలు ముందల పెట్టిండు.
"పద్నాలుగో షరతు. యంత్రంతో తీయరాదు, ఇతరులకు చూపరాదు.
ఒప్పుకుంటిని అని వాడే నొక్కిండు."

నేను అద్దాలు తుడుచుకున్న.
షరతులు నాకు కొత్తనా?
ప్రతి కిరాయినామాల తొమ్మిదోది నేనే రాస్త:
'గోడలకు మేకులు కొట్టరాదు.'
ఎంతమంది కొట్టిండ్రు!
దేవుని పటానికి, గడియారానికి, పిల్లగాని బడిసంచికి.
ఇంటి ఆసామి అరిశిండు, అడ్వాన్సుల పట్టుకున్నడు,
ఖాళీ చెయ్యమన్నడు. అది ఆయన హక్కు.
మేకు కొట్టినందుకు బేడీలు పడ్డోన్ని
ఈ గేట్ల నుంచి పోంగ నేను చూడలె.

ఇంకోటి.
నా కాగితం కింద ఒక వాక్యం ఉంటది, మా నాయిన నేర్పింది:
'చదివి వినిపించగా విని, సమ్మతించి వేసిన నిశాని.'
చెవులు వినరాని ముసలవ్వకైతే రెండుసార్లు చదువుత.
ఇద్దరు సాక్షులు. ఊదారంగు బొటనవేలు.
ఆ నలభై ఒక్క పేజీలు కురుమూర్తికి ఎవరు చదివిండ్రు?
వాని బొటనవేలికి వాని బొటనవేలే సాక్షా?

తాళం పగలగొట్టిండా, అడిగిన.
లేదు.
ఇంకొకరి పాస్‌వర్డు? లేదు.
ఎవరి ఖాతాలనన్న చెయ్యి పెట్టిండా? లేదు.
పెట్టి ఉంటే నేనే రాసేటోన్ని, నోటు లేకున్నా,
సెక్షను అంకెతో సహా.

"నోటీసు రాస్త సార్. షరతు తప్పినవ్, ఆపు అని.
నష్టముంటే దావా వేసుకోండ్రి, అదీ రాస్త.
దొంగ అనే మాటకు మటుకు నా పెన్ను కదలదు.
ఇయ్యాల షరతు తప్పితే జైలంటే
రేపు రాత్రికి రాత్రి మీరే ఇంకో షరతు రాసి
తెల్లారేసరికి కొత్త నేరం పుట్టిస్తరు.
చట్టం చేయనీకి అసెంబ్లీ ఉంది గదా,
కంపెనీ కుర్చీ ఎప్పటిసంది శాసనం రాయవట్టె?"

నోటు తీస్కొని పక్క మేజకు పోయిండు.
అక్కడ మాసూం అలీ కంప్యూటర్ల కొడ్తడు.
ఫారం తెరవంగనే తెర మీద ఒక డబ్బా వచ్చింది,
ఏందో శానా రాసుంది దాంట్ల.
కంపెనీ ఆయన చూడకుండనే "నొక్కు, నొక్కు" అన్నడు.

నాకు నవ్వు రాలె. ఐదువందలు పోయినయి.
ఎస్సై ఏం జేస్తడో తెల్వది.
మాపటికి తూకం షెడ్డు మీదికెళ్ళి పోయిన,
గద్వాల అంకె సగం తుడిచేసి ఉంది,
ఆరు వేల... తర్వాత తెల్లటి మరక.

ఇంటికొచ్చి చొక్కా తగిలించబోతే
చెయ్యి ఆగింది.
మాదీ కిరాయిల్లే.
లెక్కపెట్టిన: ఏడు.
తొమ్మిదో షరతు నా చేతి రాతే.
లోపలినుంచి మా శాంతవ్వ:
"ఏం జూస్తున్నవ్, గోడనెప్పుడు చూడనట్టు?"