రెండో గేరు

అమ్మేటప్పుడు పాంగి జోగన్న మూడు ముక్కలే చెప్పాడు:
"ఆయిలు తాగుతాది. అలుగుతాది. మనిసిని ఒగ్గేయదు."
నాలుగోది చెప్పలేదు.

పాడేరులో పద్దెనిమిదేళ్లు
కాఫీ బస్తాలు, మిరియాల మూటలు,
ఓ వానరాత్రి నొప్పులు పడుతున్న మనిషిని మోసిన జీపు
ఇప్పుడు లాసన్స్ బే కాలనీలో
సముద్రానికి మూడు వీధుల ఇవతల
నా స్కూటీ పక్కన నిద్రపోతుంది.

"సముద్రం దగ్గర ఇల్లా! అదృష్టం నీది" అంటారు.
ఆ మాట ఇనుముని అడగండి.
రాత్రంతా ఉప్పుగాలి దాన్ని
లేగదూడని ఆవు నాకినట్టు నాకుతుంది,
ప్రేమగా,
తోలు ఊడేదాకా.

ఆదివారాలు నావి కావు.
గరుకు కాగితం, రెడ్ ఆక్సైడ్ డబ్బా, పాత చీరముక్క.
కింద నల్లగా చుక్క పడితే
వేలికి రాసుకుని వాసన చూస్తాను:
ఇంజనుదా, గేరుబాక్సుదా, బ్రేకుదా?
కేజీహెచ్ బ్లడ్ బ్యాంకులో ఉద్యోగం మరి,
ఏ గ్రూపో తేల్చకుండా ఎవరికీ ఏదీ ఎక్కించను.

గాజువాక ఆటోనగర్‌లో పోలారావు
పళ్ల మధ్య బోల్టు పెట్టుకునే మాట్లాడతాడు.
"ఏటమ్మా, దీనికి పోసిన డబ్బుకి కొత్త కారొచ్చీసును."
"వస్తే?"
బోల్టు తీసి కాసేపు ఆలోచించాడు.
"వస్తే మరి నా కాడికి రావు."

కొన్న వారమే కడుగుతూ ఉంటే
సీటు చట్రానికి ముడేసిన సైకిల్ ట్యూబు ముక్క కనిపించింది,
జిడ్డోడుతూ.
ఎందుకో తెలీక కోసి పారేశాను.
పట్టా కింద దొరికిన ఏడు మిరియపు గింజలు మాత్రం
అగ్గిపెట్టెలో దాచాను.
నా తెలివి అంత.

డిసెంబరు. వంట్లమామిడి ఘాటు దిగుతున్నాను.
మంచు. మలుపు మధ్యలో
రెండో గేరు గుడుక్కున ఊడి బయటికొచ్చేసింది.
బండి ఒక్కసారిగా తేలికైపోయింది,
అంత భయపెట్టే తేలిక నేనెప్పుడూ ఎరగను.
మళ్లీ వేశాను. మళ్లీ ఊడింది.
ఎడమచేత్తో లివరు వెనక్కి లాగిపెట్టి
కుడిచేత్తో స్టీరింగు తిప్పుతూ
ఎన్ని మలుపులో లెక్కపెట్టలేదు.
ఆ ట్యూబు ఏమిటో అప్పుడు తెలిసింది.
పద్దెనిమిదేళ్లు
ఒక మనిషికి అది మూడో చెయ్యి.

కింద టీ బడ్డీ దగ్గర ఆపి ఫోన్ చేశాను.
"ట్యూబేదమ్మా?"
"కోసేశాను."
చాలాసేపు ఏమీ వినపడలేదు.
"సెప్తే నువ్వు కొనవు కదా" అన్నాడు, మెల్లగా.

గంటకి బైకు మీద దిగొచ్చాడు
భుజాన రెండు ట్యూబులు వేసుకుని.
నన్ను పలకరించక ముందే
బానెట్టు మీద అరచెయ్యి ఆనించాడు.
ముడి ఎలా వెయ్యాలో రెండుసార్లు చూపించాడు.
టీ డబ్బులు నన్ను ఇవ్వనివ్వలేదు.

పోలారావు ఆ ట్యూబుని వీణతీగలా మీటి చూశాడు.
"గేరుబాక్సు ఇప్పీమంటావా? పన్నెండు వేలవుద్ది."
"ఇప్పుడే వద్దు."
"ఊఁ," అన్నాడు, "ముడి బాగుంది."

ఇవాళ ఎడమ తలుపు కింద మళ్లీ తుప్పు, రూపాయి బిళ్లంత.
గీకుతూ అనుకున్నాను:
రెండో ట్యూబు సీటు కిందే ఉంది, అగ్గిపెట్టె పక్కన.
ఎప్పుడైనా ఎవరైనా కొంటామని వస్తే
ఆ మూడు ముక్కలూ తడుముకోకుండా చెప్తాను.
నాలుగోది
చెప్తానో లేదో
ఆ రోజు రావాలి.