తర్జుమా

భాష గురించి అడక్కండి, అది వచ్చేసింది.
కలలో తిట్టుకోవడం కూడా నార్వేజియన్‌లోనే.

రానిది వేరే.
పెద్దవాళ్ళు కోప్పడితే తల దించాలని అస్మరాలో నేర్పారు.
ట్రోమ్సోలో తల దించితే అబద్ధమాడుతున్నట్టట.
"నా వైపు చూడు, మెర్హావీ" అంటుంది టొరున్ టీచర్.
చూస్తాను. ఆవిడ కళ్ళజోడులో
నా పొగరు నాకే కనబడి సిగ్గేస్తుంది.

గురువారం స్కీయింగ్. "వీలైతేనే" అని రాసుంది కాగితంలో.
వీలుకాక క్లాసులో కూర్చున్నాను.
బెల్లు కొట్టినా ఎవరూ రాలేదు,
నేనూ, అక్వేరియంలో ఒక చేపా.
వీలైతే అంటే తప్పకుండా అని
ఏ నిఘంటువూ చెప్పలేదు.

జనవరి ఒకటి నా పుట్టినరోజు.
చెల్లెలు ఫెవెన్‌దీ అదే. నాన్నదీ అదే.
దారిలో కాగితాలు పోగొట్టుకున్నవాళ్ళందరినీ
ఒక గుమాస్తా ఒకే పూట కనేశాడు.
ఫెవెన్ క్లాసు గోడ మీద పుట్టినరోజుల రైలుంది,
దాని పెట్టె
సెలవుల్లో వచ్చి సెలవుల్లోనే వెళ్ళిపోతుంది.

రాత్రంతా నాన్న ఫ్యాక్టరీలో చేపల తలలు కోస్తాడు.
సూర్యుడు రాని నెలలో
దీపం వేసి చెల్లిని లేపేది నేనే.
జడ వేస్తాను, వంకరగా వస్తుంది.
బడి పంపిన మెసేజీలకు
నాన్న పేరుతో జవాబులిస్తాను.
ఆ తర్వాత నా బడి.

నిన్న తల్లిదండ్రుల సమావేశం.
మంచుకి దుబాసీ రాలేదు,
నా మీద ఫిర్యాదుకి నేనే నోరు.
"లెక్కల్లో చురుకు. కానీ రెండో పీరియడ్‌లో నిద్రపోతాడు.
ఇంట్లో అంతా బాగానే ఉందా?"
తిగ్రిన్యాలో చెప్పాను:
"లెక్కల్లో చురుకట. అంతా బాగానే ఉందట."
నాన్న చాలాసేపు ఆవిడ పెదాల వైపే చూశాడు.
"ఆమె పిల్లలు కులాసాయేనా, అడుగు."
ఇక్కడ అలా అడగరు.
"థాంక్స్ అంటున్నాడు" అన్నాను.

వంతెన మీద గాలి.
నాన్న తన చేతి తొడుగులు తీసి నాకిచ్చాడు,
లోపల వెచ్చగా, చేప వాసన.
సగం దూరం నడిచాక
"మా ఫోర్‌మన్ రోజూ అరిచే మాట ఒకటుంది" అన్నాడు.
"ఈ దేశంలో నేను మొదట నేర్చుకున్నది అదే.
నిద్ర."
తర్వాత ఇంటిదాకా మంచు చప్పుడే.

ఇవాళ కళ్ళు తెరిస్తే ఎనిమిది దాటింది.
ఇంట్లో ఎవరూ లేరు.
దువ్వెనలో ఫెవెన్ వెంట్రుకలు.
బల్ల మీద, మూత పెట్టి,
మాడిన రొట్టె ఒకటి.