పై సెంటీమీటరు

గాదంకి క్రాసులో వాన.
కార్తీకం వాన, గాలి ఎటు తోస్తే అటు కొడుతోంది.
చిత్తూరు బస్సు ఇంకా చంద్రగిరి దాటలేదట.

సంచిలో లాప్‌టాప్, అందులో బంగాళాఖాతం,
పొద్దున ఆరింటికి ఉపగ్రహం చూసిపోయినంత మేర.
ఒకచోట ముప్పై మూడుండాల్సిన ఉప్పు
ముప్పై ఒకటికి జారింది.
అక్కడే ఐదు మీటర్ల లోతున తేలే పరికరం
వానా? ఎక్కడ? అంటోంది.

"వాన మచ్చలు తీసెయ్యండి," అన్నారు సారు.
నూట ఎనభై గళ్ళు. తీసేస్తే పటం శుభ్రం.
మధ్యాహ్నం నుంచీ వేలు ఆ మీట మీదే ఉంది.

రేకు కింద మొగిలమ్మ, ఉడికిన శనిక్కాయల అండా.
రేకుకున్న చిల్లు సరిగ్గా అండా మీదికే.
వేలు ముంచి నాలిక్కి రాసుకుంది.
"పైన సప్పన మే. అడుగున ఉప్పు అట్లే ఉండాది."
గరిటె అందుకుని, ఆగి,
"కలబెడితే ఏది ఏదో తెల్దు."
అడుగునుంచి తోడి నాకు పొట్లం కట్టింది.
పైనీళ్ళు పారబొయ్యలేదు,
మేక ముందు చట్టిలో వంచింది.

ఉపగ్రహానికి వేలు లేదు.
ఏడొందల కిలోమీటర్ల ఎత్తునుంచి
నీటి చర్మం వెచ్చన వింటుంది, అంతే.
అబద్ధమేం చెప్పలేదు.
ఆ గంటకి సముద్రం
ఒక సెంటీమీటరు మేర మబ్బుదే.

బస్సొచ్చింది. కిటికీ సీటంతా తడి.
ఒళ్ళో లాప్‌టాప్ తెరిచి
ఆ గళ్ళ పక్కన కొత్త వరుస చేర్చాను.
పేరు పెట్టే చోట చెయ్యి ఆగింది.
పాకాల వచ్చేదాకా అది ఖాళీయే,
మీటల మీద మాత్రం
వేళ్ళ ఉప్పు.