వెంట్రుక గీత

ప్యారేజాన్ గోనెసంచి విప్పి
పాత పేపర్లు ఒక్కొక్కటే ఊడదీసి
నా రంగు డబ్బాల మధ్య పెట్టినాడు దాన్ని.
పింగాణీ పళ్ళెం. చీనా సరుకంట.
కార్వేటినగరంలో ఎవరో ఇల్లు పడగొడితే
అటక మీద దొరికిందంట,
ఎలుకల మందు కలిపిన అన్నంతో సహా.

"అంచు రవ్వంత ఎగిరిపోయిందన్నా.
సీతాకోకచిలక్కి అర రెక్క లేదు.
లారీలకు తామరపూలేసే చెయ్యి నీది,
ఇంత రెక్క వెయ్యలేవా?
మద్రాసు సేటుకు చూపు తక్కువ."

వేలూరు రోడ్డులో మా షెడ్డు.
పదిచక్రాల బండి ఒకటి
ప్రైమరు పూసుకుని ఆరతా ఉంది.
పళ్ళేన్ని ఎండకు పట్టినా.

పూలు మన పక్క పూలు కాదు,
ఉల్లిపొర మీద ఉల్లిపొర మాదిరి రేకలు.
ఒక్కో రేకూ ఒక్క విసురు.
కుంచెకు ఒక పక్క తెలుపు, ఒక పక్క ఎరుపు ముంచి
మణికట్టు తిప్పితే
రెండూ వాటంతట అవే కలుస్తాయే, ఆ విసురు.
మా దొరసామి మేస్త్రి
వేళ్ళ మీద స్కేలుతో కొట్టి నేర్పింది.
ఈయన్ను ఎవరు కొట్టినారో.

తర్వాత కనబడింది.
చిలక పొట్ట కింద
దారం కంటే సన్నంగా ఒక వంకర గీత.
మీసం కాదు, కాలు కాదు, పూకాడ కాదు.
కుంచె వెంట్రుక.
ఊడి, రంగులో అంటుకుని,
బట్టీలో కాలిపోయి,
తాను పడుకున్న చోటు మాత్రం మిగిల్చింది.

నాకూ ఊడతాయి. ఉడత వెంట్రుకలు.
ఓనరు చూడకముందే గోటితో గిల్లి తీసేస్తా.
ఆ పొద్దు ఆయనెందుకు తీయలేదో.
వరసలో ఇంకా ఎన్ని పళ్ళేలుండాయో,
చూపు ఆనలేదో,
కూలీ లెక్క రాసేవాడు వెనకాలే నిలబడి ఉండాడో.

పేరు రాసుకోనిచ్చి ఉండరు.
నేనూ రాసేది ఓనరు బిడ్డల పేర్లు,
ఊరి గంగమ్మ పేరు, ఫోను నంబరు,
అడుగున 'మళ్ళీ కలుద్దాం'.

డబ్బా మూత తీసినా. కుంచె ముంచినా.
అంచు దాకా పోయి చెయ్యి నిలబడిపోయింది.
"ఈ రంగు దీని మీద నిలవదు ప్యారేజాన్,
వేన్నీళ్ళు తగిలితే లేస్తాది" అన్నా.
నిజమే.
నిజమంతా అది కాదు.

మూతి ముడుచుకుని, తెప్పించిన టీ తాగకుండానే
పేపర్లు చుట్టుకుని పోయినాడు.
నెల దాటింది. అమ్మినాడో, పగిలిందో.

ఆ రాత్రి బండి వెనక తలుపుకు
తామర బదులు సీతాకోకచిలక వేసినా.
ఎడమ రెక్క ఆయనది, గుర్తున్నకాడికి.
కుడి రెక్క సగం ఆయనది.
మిగతా సగం నాకు తోచింది.

తెల్లారి డ్రైవరు గోవిందప్ప వచ్చినాడు.
పలమనేరులో టమోటాలెత్తుకుని
కోయంబేడుకు పోవల్ల.
బండి చుట్టూ తిరిగి, తలుపు కాడ ఆగి,
"ఏం పిట్ట సామీ ఇది?"
"చీనా పిట్ట."
"ఘాటు ఎక్కతాదా?" అని నవ్వి
స్టార్టు చేసినాడు.

కిరసనాయిల్లో కుంచె కడగతా ఉంటే
ఒక వెంట్రుక తక్కువున్నట్టు అనిపించింది.
లేచి చూసేలోపల
బండి మొగిలి దిక్కు మళ్ళిపోయింది.