ముసాయిదాలో పంది

విధాన సౌధ వెనక వీధిలో, నాలుగో అంతస్తులో
నేను టైపు చేస్తున్నాను:
"అడవి పంది అనగా పైరుకు నష్టము కలిగించు పంది,
దాని పిల్ల, ఇంకా పుట్టని దాని పిల్ల."
పుట్టనిదాన్ని కొట్టేయమన్నారు అండర్ సెక్రటరీ.
కొట్టేశాను.
కామా మాత్రం మిగిలిపోయింది.

క్లాజు ఐదు, గాలిలోంచి కాల్చుట.
హెలికాప్టరు నేలకి ఎన్ని అడుగుల పైన ఉండాలి?
ఎవరికీ తెలీదు. చుక్కలు పెట్టమన్నారు.
పెట్టాను, పదకొండు.

ఒక సభ్యుడు టీ ఊదుకుంటూ అన్నాడు,
భూమిని కోర మీద ఎత్తినవాణ్ణి
భూమ్మీంచి కాల్చడానికి మొహం చెల్లక
పైకెక్కుతున్నామా అని.
అందరూ నవ్వారు. చైర్మన్ నా వైపు చెయ్యి ఆడించారు,
రికార్డులో వద్దు.

ఆనేకల్‌లో ఆఖరి బస్సు దిగి
ఊరి దాకా నడిచేసరికి పదకొండు.
రాగి చేలో మంచె మీద మా మామ పిళ్ళప్ప
పామాయిల్ డబ్బా వాయిస్తున్నాడు.
దీపావళి నించీ ఇదే పడక, ఇదే జాగారం.
"చట్టం ఎందాకా వచ్చింది, పాపా?"
"ఐదో క్లాజు దాకా."
"పందులు మూడో మడి దాకా వచ్చినాయి."

టార్చి వేసి చూపించాడు.
వెన్నులు తిన్నవి కొన్నే,
మిగతాదంతా కుళ్ళగించి పోయాయి
పెళ్ళయ్యాక విప్పేసిన పందిట్లా.
కుళ్ళగించడం అన్న మాట
నా ఫైల్లో ఎక్కడా లేదు.
కొత్త లేఅవుట్ గోడకి కన్నం ఉంది,
దాని అంచున బురదా, రెండు నల్ల వెంట్రుకలూ.

పైన ఏదో విమానం పోతోంది
ఎర్ర దీపం ఆర్పుకుంటూ, వెలిగించుకుంటూ.
మామ డబ్బా ఆపి తలెత్తాడు.
చాలాసేపు చూశాడు.
"అంత పైనించి చూస్తే
నల్ల కంబళి కప్పుకొని
చేలో వంగిన నేను
వాళ్ళకి ఏమని కనిపిస్తాను?"

నాకు చుక్కలు గుర్తొచ్చాయి.
చెప్పలేదు.

"జీతం పడినాక," అన్నాడు,
"తెల్లది ఒకటి తెచ్చిపెట్టు."

మళ్ళీ డబ్బా అందుకున్నాడు.
అప్పటికే నాలుగో మడిలో
ఏదో నములుతున్న చప్పుడు.