ఒక పుల్ల తక్కువ

మేట మీద పంటు కూచుంది.
సఖినేటిపల్లి వెనక, నరసాపురం ముందు,
మధ్యలో వశిష్ఠ
పాటుకి పలచబడి ఎటో పోయింది.
"పోటెక్కాలండీ, గంటన్నర" అన్నాడు సరంగు పీరుసాయెబు.
అని బీడీ ముట్టించి
నదితో తన లెక్క తేలిపోయినట్టు కూచున్నాడు.

ఏడు మోటారు సైకిళ్ళు, కొబ్బరికాయల ఆటో,
నా తపాలా సంచి, ఎవరిదో మేక,
సత్యవేదం గారి చీపుళ్ళ మోపు.

మేకే మొదలెట్టింది ఆట.
మోపులోంచి ఒక ఈనె లాగింది,
నమిలింది, నచ్చలేదు,
నా చెప్పుల దగ్గర వదిలేసింది.

"దీంతో ఏం చెయ్యొచ్చు?"
ఏడో తరగతి తేజస్విని పుల్ల ఎత్తి చూపించింది.
నాలిక గీసుకోవచ్చు అన్నారెవరో.
ట్యాంకులో ముంచి పెట్రోలు చూడొచ్చు.
విస్తరి కుట్టొచ్చు.
"అవి మా తాత చేసినవే. కొత్తవి చెప్పాలి"
అని పంటు మీద చట్టం చేసేసింది ఆ పిల్ల.
రోజూ చూసే పుల్లే,
కొత్తగా చూడమంటే కళ్ళు మొరాయించాయి.

చివరికి తనే,
టిఫిన్ డబ్బాలో మిగిలిన ఇడ్లీకి గుచ్చి నిలబెట్టింది.
"గడియారం.
నీడ పచ్చడి మీదికొస్తే
లెక్కల పీరియడు అయిపోయినట్టు."

లేసు అల్లే సుభాషిణమ్మ అందుకుంది:
"కొనకి కాస్త కొక్కెం చెక్కితే
ఈ నురగంతా అల్లేస్తాను.
రేవు మెట్లకి అంచు కుట్టేస్తాను.
ఏజెంటుకి కమీషను ఇచ్చేది లేదు."

పెళ్ళి బేరానికి పోతున్న సన్నాయి వీర్రాఘవులు
చెవి పక్కన పెట్టుకుని వేలితో మీటాడు.
"దోమకి శ్రుతి పెట్టె.
పాపం, రాత్రంతా ఒంటరిగా పాడుద్ది."

చేపల గంప మీద మోచెయ్యి ఆన్చి నాగవేణి:
"చీరమేనుని సోలతో కొలిచి నష్టపోతన్నాను.
ఒక్కోదాన్నీ దీనికి గుచ్చి పేరు పెడతాను.
పేరున్నదాని దగ్గర బేరమాడ్డానికి
ఎవరికైనా మొహమాటమే కదండీ."

"వంతెనకి మొదటి చువ్వ" అన్నాడు ఆటో కుర్రాడు,
"శంకుస్థాపన చేసేద్దామా?"
అన్నిటికన్నా ఎక్కువ నవ్వింది ఆ మాటకే.
తర్వాత కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

నా వంతు.
సంచిలోంచి ఒక కవరు తీసి పుల్ల కొసకి తగిలించాను.
"త్రాసు. ఎంత వంగితే ఉత్తరంలో అంత బెంగ."
కరెంటాఫీసు నోటీసది.
బాగానే వంగింది.

సత్యవేదం గారు ఇంతసేపూ వింటూనే ఉంది.
ఆమె బొటనవేలి మీద
ఆకు చీరిన కత్తిగీతలు, కొన్ని పాతవి, కొన్ని నిన్నటివి.
మీరు చెప్పండి అంటే చాలాసేపు ఆలోచించింది.
"ఊడవొచ్చండి" అంది.
"ఒక్కటైతే ఊడవదనుకోండి.
కట్ట ముప్ఫై రూపాయలు.
ఇప్పుడో కట్టలో ఒకటి తగ్గింది."

అందరం మేకని చూశాం.
మేక నదిని చూసింది.

పీరుసాయెబు పుల్ల తీసుకుని దిగాడు,
పిక్కల లోతు నీళ్ళలో పాతాడు,
గోటితో ఒక నొక్కు పెట్టాడు.
"ఇక్కడికొస్తే లేస్తాం."
"ఇది పాత వాడకం, చెల్లదు" అంది తేజస్విని.
"ఆవిడతో చెప్పు" అని నీళ్ళకేసి బీడీ చూపించాడు.

నీళ్ళు నొక్కు దాకా రావడం
ఇరవైమందిమీ కన్నార్పకుండా చూశాం,
ఎన్నికల ఫలితాలు చూసినట్టు.
పంటు ఒళ్ళు విరుచుకుంది.

అవతలి రేవులో ఆ కట్ట నేనే కొన్నాను.
ఒకటి తక్కువ కదా, ఇరవై తొమ్మిదిస్తానన్నాను.
"ఆయ్, ఆ పుల్లతో మీరంతా గంటన్నర ఆడుకోలేదేటండీ?"
అని ముప్ఫై తీసుకుంది.

ఇంట్లో అది మామూలుగానే ఊడుస్తోంది.
నాకే,
చీపురు చప్పుడైనప్పుడల్లా అనిపిస్తుంది:
ఆ మేట కింద ఏ రొయ్యపిల్లకి దొరికిందో,
దాంతో అది ఏం చేస్తోందో.